గ్రాఫిక్స్ కార్డు కేబుల్ కాలితే తప్పెవరిది? ఎంసీబీకి కూడా దొరకని వేడి.. కొండపాకలో పీసీ బిగించేవాళ్లు చూడాల్సిన లెక్కలివే

కొండపాక (సిద్దిపేట): కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. డబ్బా విప్పారు. స్లాట్‌లో గుచ్చారు. కేబుల్ తగిలించి స్విచ్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మీద బొమ్మ వచ్చింది. ఇక పని అయిపోయిందనే అనుకుంటారు ఎవరైనా. కానీ రెండేళ్లు, మూడేళ్లుగా ప్రపంచవ్యాప్తంగా కాలిపోయిన కేబుళ్లలో చాలా వరకు మొదటి రోజు ఇలాగే 'ఓకే' అనిపించుకున్నవే. బొమ్మ రావడం వేరు, కేబుల్ సరిగ్గా కూర్చోవడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా ఓ మిల్లీమీటరు ఉంటుందేమో.. అంతే.

ఇదంతా హైదరాబాద్‌లో గేమింగ్ కుర్రాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. సిద్దిపేట కలెక్టరేట్ ఉన్నది కొండపాక మండలం దుద్దెడలోనే. సిద్దిపేట ఐటీ టవర్ 2023 జూన్‌లో మొదలైంది కూడా ఆ దగ్గర్లోనే. పెళ్లి వీడియోలు కట్ చేసే ఫోటో స్టూడియోలు, జానపద పాటల యూట్యూబ్ చానళ్లు, ఏఐ ప్రాజెక్టులు చేసే బీటెక్ పిల్లలు.. గ్రాఫిక్స్ కార్డు అవసరం ఇప్పుడు ఊళ్లలోనూ ఉంది. రాజీవ్ రహదారి మీద బస్సెక్కి జేబీఎస్‌లో దిగితే, అక్కడి నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ మార్కెట్ ఆటో దూరం. కార్డు పొద్దున కొంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. బిగించేది మాత్రం చాలాసార్లు కంపెనీ టెక్నీషియన్ కాదు. ఫోన్‌లో వీడియో చూసి ఇంట్లోవాళ్లే బిగించుకుంటారు.

ఇంతకీ ఏం జరిగింది?

2022 అక్టోబర్‌లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 అమ్మకాలు మొదలయ్యాయి. 450 వాట్ల కార్డు అది. పాత 8 పిన్నుల కేబుళ్లు మూడు నాలుగు పెట్టే బదులు ఒకే ఒక్క చిన్న కనెక్టర్ ఇచ్చారు. దాని పేరు 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్. 12 పెద్ద పిన్నులు కరెంటుకి, 4 బుల్లి పిన్నులు సమాచారానికి. ఒక్కదాంట్లోంచి 600 వాట్లు లాగొచ్చని లెక్క. నెల తిరక్కుండానే ప్లాస్టిక్ కరిగిపోయిన ఫోటోలు ఒక్కొక్కటిగా బయటకొచ్చాయి.

నవంబర్‌లో ఎన్‌విడియా నోరు విప్పింది. తమ దృష్టికి వచ్చినవి ప్రపంచం మొత్తం మీద సుమారు 50 కేసులని, కనెక్టర్‌ను పూర్తిగా లోపలికి నెట్టకపోవడమే ప్రధాన కారణంగా కనిపిస్తోందని చెప్పింది. అంటే ఒక్క మాటలో.. 'మీరు సరిగ్గా పెట్టలేదు' అని. గేమర్స్ నెక్సస్ అనే అమెరికన్ టెస్టింగ్ చానల్ స్వయంగా పరీక్షలు చేసి చూస్తే ఆ మాటలో నిజముందని తేలింది. సగం దూర్చి, పక్కకు వంచితే కరుగుతోంది. దాంతో పాటు కనెక్టర్ లోపల ఉండిపోయిన చెత్త, లోహపు తునకల మాట కూడా ఆ చానల్ ఎత్తింది.

అయితే అక్కడితో కథ ముగిస్తే ఓ ప్రశ్న మిగిలిపోతుంది. పాత 8 పిన్నుల కేబుల్‌ను కూడా జనం ఏళ్ల తరబడి వంకరటింకరగానే పెట్టారు కదా! అప్పుడు ఈ స్థాయిలో ఎందుకు కరగలేదు?

ప్రమాణాలు రాసే పీసీఐ-సిగ్ సంస్థ 2023లో డిజైన్ మార్చిన తీరులోనే దీనికి సగం జవాబు ఉంది. కొత్త వెర్షన్ పేరు 12వీ-2×6. ఇందులో సమాచారం మోసే బుల్లి పిన్నుల పొడవు తగ్గించారు, కరెంటు మోసే పిన్నుల పొడవు కాస్త పెంచారు. కేబుల్ పూర్తిగా దిగకపోతే బుల్లి పిన్నులు అందవు, అప్పుడు కార్డు కరెంటు లాగదు. తప్పంతా పెట్టేవాడిదే అయితే డిజైన్‌ను ముట్టుకోవాల్సిన పనేముంది?

ఆ తర్వాత కూడా ఆగలేదు. కేబుల్ వంచకుండా ఉండేందుకు కేబుల్‌మాడ్ అనే కంపెనీ అమ్మిన యాంగిల్ అడాప్టర్లను 2024 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ రీకాల్ చేయించింది. సుమారు 25,300 అడాప్టర్లు, వేడెక్కిన, కరిగిన ఫిర్యాదులు 272. మరో ఏడాదికి, 2025 జనవరి చివర్లో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది. కొద్దిరోజులకే జర్మనీకి చెందిన డెర్8ఆవర్ అనే ఓవర్‌క్లాకర్ తన సొంత కేబుల్‌ను థర్మల్ కెమెరాతో చూపించాడు. ఆరు వైర్లు సమానంగా మోయాల్సిన కరెంటులో ఒక్క వైరే 20 ఆంపియర్లకు పైగా మోస్తోంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కనెక్టర్ 150 డిగ్రీల దాకా వెళ్లింది. కేబుల్ పెట్టడం అతనికి రాదని ఎవరూ అనలేరు.

లెక్క ఎక్కడ తేడా కొట్టింది?

ఈ లెక్కకు కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. పాత 8 పిన్నుల కేబుల్ పరిమితి 150 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది 12.5 ఆంపియర్లు. మోసేవి మూడు వైర్లు. అంటే వైరుకి నాలుగుకు కాస్త పైన. ఆ పిన్నులకు అంతకు దాదాపు రెట్టింపు మోసే సత్తా ఉంటుంది. ఎక్కడో ఓ పిన్ను వదులైనా మిగతావి తట్టుకునేవి.

కొత్త కనెక్టర్‌లో 600 వాట్లంటే 50 ఆంపియర్లు. వైర్లు ఆరు. వైరుకి 8.3 ఆంపియర్లు. పిన్ను పరిమితి తొమ్మిది చిల్లర. అంటే అన్నీ సమానంగా మోస్తేనే గట్టెక్కుతుంది. ఒక్కటి సరిగ్గా అంటకపోతే దాని వాటా పక్కవాటి నెత్తిన పడుతుంది, అవి పరిమితి దాటేస్తాయి. బండి మీద ఇద్దరు కూర్చోవాల్సిన చోట నలుగురు ఎక్కినా ఏదోలా నడుస్తుంది.. అప్పటికే నలుగురున్న బండి మీద ఐదో మనిషి ఎక్కితేనే చిక్కు.

వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు, వర్గంలో పెరుగుతుంది. పిన్ను అంటే చోట 10 మిల్లీఓముల నిరోధం ఉందనుకుందాం. నాలుగు ఆంపియర్లు పోతే పుట్టే వేడి 0.16 వాట్లు, చేతికి కూడా తెలీదు. 20 ఆంపియర్లు పోతే 4 వాట్లు. చిన్న ఎల్‌ఈడీ బల్బు తినే కరెంటు మొత్తం బియ్యపు గింజంత చోట వేడిగా మారుతోందన్నమాట. చుట్టూ ఉన్నది ప్లాస్టిక్.

ఆర్‌టీఎక్స్ 3090 టీఐలో కూడా ఇలాంటి 12 పిన్నుల కనెక్టరే ఉంది, కానీ ఆ కార్డు వచ్చే కరెంటును మూడు భాగాలుగా విడగొట్టి వేరువేరుగా చూసుకునేది. 4090, 5090 వచ్చేసరికి ఆరు వైర్లనూ కార్డు లోపలికి రాగానే ఒకటిగా కలిపేశారు. ఏ వైరు ఎంత మోస్తోందో కార్డుకే తెలీదు. 5090ల్లో కొన్ని ఖరీదైన మోడళ్లు మాత్రం, ఉదాహరణకు ఆసుస్ ఆస్ట్రల్, ఒక్కో పిన్ను కరెంటును కొలిచి హెచ్చరిస్తాయి. అసలు అవసరమైన జాగ్రత్త ఖరీదైన మోడల్‌కు అదనపు ఫీచర్ కావడం.. అదో వింత.

మరి ఎంసీబీ పడిపోదా?

చాలామంది ధీమా ఇదే. 'ఏదైనా అయితే ఎంసీబీ పడుతుందిలే' అని. ఈ ఒక్క విషయంలో ఆ ధీమా పనికిరాదు.

కార్డు, ప్రాసెసర్ అన్నీ కలిపి పీసీ 800 వాట్లు తిన్నా, 230 వోల్టుల గోడ ప్లగ్గు దగ్గర అది మూడున్నర ఆంపియర్లే. ఇస్త్రీ పెట్టె అంతకంటే ఎక్కువ తింటుంది. లోపల కనెక్టర్ కరుగుతున్నప్పుడు కూడా మొత్తం కరెంటు పెరగదు, వైర్ల మధ్య పంపకం మాత్రమే తప్పుతుంది. బయట ఎంసీబీకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఓవర్ కరెంట్ రక్షణ కూడా అంతే. పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లలో చాలా వరకు 12 వోల్టుల లైను మొత్తాన్ని కలిపి చూస్తాయి. 50 ఆంపియర్లు పోవాల్సిన చోట 50 పోతుంటే వాటికి అభ్యంతరం ఉండదు. అది ఆరు వైర్లలో పోతోందా, మూడు వైర్లలోనా అన్నది అవి పట్టించుకోవు.

ఎర్తింగ్ కూడా దీన్ని ఆపదు. అలాగని ఎర్తింగ్ వద్దని కాదు. మూడో పిన్నుకు వైరే లేని ప్లగ్గులో పీసీ పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడల్లా జివ్వుమంటుంది, అది వేరే ప్రమాదం. కేబుల్ పని చేసేముందు ప్లగ్గు పీకేయాలని చెప్పేది అందుకే. కానీ కనెక్టర్ కరగడం 12 వోల్టుల వైపు జరిగే వ్యవహారం. దానికి మిగిలిన సెన్సార్ ఇంట్లో మనిషి ముక్కే. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే కారణం వెతకడం తర్వాత, ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేయాలి. నీళ్లు పోయకూడదు. మంట కనిపిస్తే 101.

కొండపాక లాంటి చోట అసలు ముప్పు వేరే ఉంది

నిజం చెప్పాలంటే ఊళ్లలో 5090 కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎక్కువగా కనిపించేవి ఆర్‌టీఎక్స్ 3060, 4060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 లాంటివి. వీటికి చాలా వరకు పాత 8 పిన్నుల కనెక్టర్ ఒకటి చాలు. 4060 తినేది 115 వాట్లు, 3060 తినేది 170. వీటిలో కొంత మదర్‌బోర్డు స్లాట్ నుంచే వస్తుంది, స్లాట్ 75 వాట్ల దాకా ఇవ్వగలదు. వార్తల్లో చూసిన కరిగిన కనెక్టర్లు గుర్తొచ్చి వీళ్లు భయపడాల్సిన పనిలేదు.

వీళ్ల గొడవ మరోచోట ఉంది. ఏడెనిమిదేళ్ల పాత సిస్టమ్, దాంట్లో క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్, అందులో గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే కేబులే ఉండదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు పెరిగిపోయాక కొత్త సిస్టమ్ ఎందుకు, పాతదాంట్లోనే సెకండ్ హ్యాండ్ కార్డు వేసి నడిపిద్దాం అనుకునేవాళ్లకు సరిగ్గా ఇదే ఎదురవుతుంది. అప్పుడు దొరికే 'సొల్యూషన్' ఓ చిన్న కన్వర్టర్ వైరు. ఒకవైపు హార్డ్ డిస్క్‌కు పెట్టే సాటా ప్లగ్గు, రెండోవైపు 8 పిన్నులు. వంద, రెండొందలకు దొరుకుతుంది. చక్కగా సరిపోతుంది కూడా.

సరిపోవడమే దాని ప్రమాదం. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకు ఉన్నవి మూడు సన్నటి పిన్నులు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లకు చేసింది. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 8 పిన్నుల వైపు కార్డు 150 వాట్ల దాకా అడగొచ్చు. సాటా ప్లగ్గు హార్డ్ డిస్క్ కోసం పుట్టింది, దాని మీద గ్రాఫిక్స్ కార్డు భారం వేస్తే కరగక ఏం చేస్తుంది? ఈ సాటా కన్వర్టర్ వాడకపోవడం ఉత్తమం అని కాదు.. వాడనే కూడదు. కార్డుకి కావాల్సిన కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌లో పుట్టుకతో లేదంటే, ఆ కార్డుని మోసే ఎస్‌ఎంపీఎస్ అది కాదని అర్థం.

ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో '450 వాట్లు' అని ఉంటుంది. దాన్ని వదిలేసి పక్కన చిన్న పట్టిక చూడాలి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. దాన్ని 12తో గుణించాలి. 18 ఆంపియర్లని ఉంటే 216 వాట్లే. ప్రాసెసర్, కార్డు తినేది ఈ 12 వోల్టుల నుంచే. 3060, 4060 కార్డులకు ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఇక '80 ప్లస్' ముద్ర సంగతి.. అది కరెంటు ఎంత వృథా కాకుండా పనిచేస్తుందో చెప్పే సర్టిఫికెట్. అది మంచిదే, కానీ భద్రతకు సర్టిఫికెట్ కాదు.

ఇంకో తప్పు తెలివైనవాళ్లు చేసేది. కేబుళ్లు ఊడదీయగలిగే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది. పాత ఎస్‌ఎంపీఎస్ పోయింది, కొత్తది వచ్చింది, కేబుళ్లు అవే ఉంచేద్దాం అనుకుంటారు. కార్డు వైపు పిన్నుల వరుస ప్రపంచమంతా ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం కంపెనీకో వరుస, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో వరుస. ప్లగ్గు దూరుతుంది, లోపల 12 వోల్టులు ఉండాల్సిన చోట గ్రౌండ్ ఉంటుంది. స్విచ్ వేసిన క్షణంలో కార్డు, మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్‌లోని పెళ్లి వీడియోలు.. ఏవి పోతాయో చెప్పలేం.

ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్నుల కేబుల్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. దాని మీద 'సీపీయూ' అని, గ్రాఫిక్స్ కార్డు దాని మీద 'పీసీఐ-ఈ' అని ముద్రించి ఉంటుంది. రెండోదాంట్లో సాధారణంగా 6 పిన్నులు ఒక ముక్క, 2 పిన్నులు ఇంకో ముక్కగా విడిపోతాయి. సీపీయూది కార్డులోకి బలవంతంగా దూర్చితే షార్ట్ సర్క్యూటే. చేతికి అడ్డం పడుతోందంటే అక్కడితో ఆగిపోవాలి.

మరి పెట్టడమెలా?

ముందు పీసీ షట్‌డౌన్. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు పీకేసి, పీసీ పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన చార్జ్ పోతుంది. క్యాబినెట్ లోహపు భాగాన్ని ఓసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కూడా పోతుంది. కార్డును స్లాట్‌లో క్లిక్‌మనే దాకా దించి, స్క్రూ బిగించాకే కేబుల్ జోలికి వెళ్లాలి. స్క్రూ లేకుండా కేబుల్ నెడితే కార్డే కదిలిపోతుంది.

కేబుల్‌ను వైర్ల దగ్గర పట్టుకోకూడదు, ప్లగ్గు తలనే పట్టుకోవాలి. రెండో చేత్తో కార్డుకు కింద ఆసరా ఇచ్చి నిటారుగా నెట్టాలి. పాత 8 పిన్నులదైతే క్లిక్ గట్టిగానే వినిపిస్తుంది. కొత్త 16 పిన్నులదైతే ఆ శబ్దం చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి వినిపించదు కూడా. చెవిని నమ్ముకోకుండా ఫోన్ టార్చ్ వేసి చూడాలి.. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య గీతంత సందు కూడా కనిపించకూడదు. తర్వాత మెల్లిగా వెనక్కి లాగి చూడాలి, రాకూడదు. కొన్ని కంపెనీలు ప్లగ్గు కొసకు పసుపు రంగు వేసింది ఇందుకే. రంగు కనిపిస్తోందంటే ఇంకా లోపలికి దిగలేదని.

వంచడం ఎక్కడ? ప్లగ్గు నుంచి కనీసం 35 మిల్లీమీటర్లు, అంటే ఇంచున్నర దాకా, వైరు నిటారుగా రావాలి. ఆ తర్వాతే మలుపు. చిన్న క్యాబినెట్లలో పక్క అద్దం మూసినప్పుడు అది కేబుల్‌ను నొక్కేస్తుంది. అద్దం పట్టట్లేదని మోకాలితో అదిమి స్క్రూ బిగించే అలవాటు కొందరికి ఉంది.. కొత్త కార్డు విషయంలో అది ఖరీదైన అలవాటు.

అందరూ మర్చిపోయేది రెండో కొస. కార్డు వైపు పదిసార్లు చూస్తారు, ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్గు వదులుగా ఉండిపోతుంది. డెర్8ఆవర్ చూపించిన 150 డిగ్రీలు వచ్చింది కార్డు వైపు కాదు, ఈ వైపే.

కార్డుకి రెండు 8 పిన్నుల సాకెట్లుంటే రెండు వేరువేరు కేబుళ్లు వేయడం మేలు. ఒకే కేబుల్‌కు రెండు తలలున్నవి వస్తాయి. రెండూ పెడితే 300 వాట్లూ ఎస్‌ఎంపీఎస్ వైపు ఆ మూడు వైర్లలోంచే రావాలి, వైరుకి 8.3 ఆంపియర్లు. పైన కొత్త కనెక్టర్‌కు వేసిన లెక్కే ఇక్కడా తిరిగొచ్చింది.

ఊడదీసి పెట్టడానికి కూడా ఓ హద్దుంది. ఈ కనెక్టర్లను 30 సార్లు తీసి పెట్టడానికి లెక్కగట్టారు. ఊరికే తీసి చూసుకోవడం మంచిది కాదు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డ కార్డులు ఇంకా చేతులు మారుతున్నాయి. అలాంటిది కొంటుంటే ముందుగా సాకెట్‌లోకి టార్చ్ వేయాలి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, ఒక్క రంధ్రం ఆకారం మారినా ధర ఎంత తగ్గించినా వద్దు.

కాలిపోతే ఎవరిని అడగాలి?

'మీరు సరిగ్గా పెట్టలేదు' అన్న మాట ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ప్రొడక్ట్ లయబిలిటీ అనే అధ్యాయం ఉంది. తయారీలో లోపమే కాదు.. డిజైన్‌లో లోపం ఉన్నా, సరిగ్గా వాడేందుకు తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోయినా తయారీదారుదే బాధ్యత అని 84వ సెక్షన్ చెబుతోంది. అదే సమయంలో వస్తువును తప్పుగా వాడినా, మార్పులు చేసినా అమ్మినవాడి మీద ఈ కేసు నిలవదని 87వ సెక్షన్ అంటోంది. సాటా కన్వర్టర్ పెట్టినవాళ్ల కేసు ఇక్కడే బలహీనపడుతుంది. డబ్బాలో ఇచ్చిన కేబుల్‌నే వాడినవాళ్లది నిలబడుతుంది.

ఇందులో ఓ మెలిక ఉంది. ఈ అధ్యాయం కింద నష్టమంటే ఆ వస్తువు వల్ల మిగతావాటికి, మనుషులకి జరిగిన నష్టం. టేబుల్ కాలినా, చెయ్యి కాలినా ఇందులోకి వస్తుంది. కార్డు ఒక్కటే పోతే అది లోపభూయిష్టమైన వస్తువు కింద మామూలు ఫిర్యాదు. స్టూడియో నడిపేవాళ్లకు ఇంకో అనుమానం రావొచ్చు, వ్యాపారానికి కొన్నది కదా అని. బతుకుదెరువు కోసం స్వయం ఉపాధికి కొనుక్కుని సొంతంగా వాడుకుంటే వాళ్లూ వినియోగదారులేనని చట్టంలోనే వివరణ ఉంది.

కార్డు సీటీసీలో కొన్నా ఫిర్యాదుకి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటు, పనిచేసే చోటు పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చూడొచ్చు.

కావాల్సింది సీరియల్ నంబర్‌తో ఉన్న జీఎస్‌టీ బిల్లు. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామనే మాటకు ఒప్పుకుంటే ఆ తగ్గింపుతోనే ఈ దారి మూసుకుపోతుంది. దాంతో పాటు కేబుల్ పెట్టిన రోజే, పక్క అద్దం మూసేముందు, సందు లేకుండా కూర్చున్న ప్లగ్గుని రెండు కొసలా దగ్గరగా ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోవాలి. పెట్టినవాడిదే తప్పు అన్నప్పుడు తేదీతో సహా చూపించడానికి ఇంతకు మించిన సాక్ష్యం మరొకటి దొరకదు.